అమెరికాలో రెసిడెన్సీ: రాష్ట్ర మెడికల్ లైసెన్సు ఎప్పుడు తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెసిడెన్సీ అంటే మెడికల్ డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ; అందులో ఎవరికి ఏ సీటో తేల్చేది మ్యాచ్. ఏటా మార్చిలో మ్యాచ్ ఫలితాలు వచ్చిన వారం నుంచే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. రెండో ఏడు రెసిడెంట్లు మూన్‌లైటింగ్ (ఖాళీ గంటల్లో డబ్బుకు చేసే అదనపు షిఫ్టులు) గురించి, ఉద్యోగాల గురించి ఆలోచించే రోజుల్లో మళ్ళీ వస్తాయి. నేను ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేసేటప్పుడు సీనియర్లని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. తప్పు వాళ్ళది కాదు. ఒక్కొక్కరిది ఒక్కో రాష్ట్రం, ఒక్కో వీసా, ఒక్కో అవసరం. అందుకే పదే పదే వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. రాష్ట్రాల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఫీజు కట్టే ముందు మీ రాష్ట్ర మెడికల్ బోర్డు సైటు ఒకసారి తప్పకుండా చూసుకోండి.

## చేరే ముందు, మొదటి ఏడాది

మ్యాచ్ అయింది. జూలైలో చేరేలోపు లైసెన్సు నేనే తెచ్చుకోవాలా?

ఫుల్ లైసెన్సు అవసరం లేదు, అడిగినా ఇవ్వరు. చాలా రాష్ట్రాల్లో రెసిడెంట్లకు వేరే అనుమతి ఉంటుంది. టెక్సస్‌లో దాన్ని ఫిజీషియన్ ఇన్ ట్రైనింగ్ పర్మిట్ అంటారు, ఇల్లినాయిలో టెంపరరీ లైసెన్సు అంటారు. న్యూయార్క్‌లో అయితే గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో పనిచేసే రెసిడెంటుకు అదీ అక్కర్లేదు. ఈ కాగితాల పని మీ ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ నడిపిస్తారు. ఆమె పంపిన ఫారాలు వచ్చిన రోజే నింపి పంపండి, అంతకంటే మీరు చేయాల్సింది పెద్దగా ఉండదు.

ట్రైనింగ్ లైసెన్సుకీ ఫుల్ లైసెన్సుకీ అసలు తేడా ఏమిటి?

ట్రైనింగ్ లైసెన్సు మీ ప్రోగ్రామ్‌కి ముడిపడి ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ పరిధిలో, అటెండింగ్ (సీనియర్ డాక్టరు) పర్యవేక్షణలో చేసే పనికి మాత్రమే చెల్లుతుంది. ప్రోగ్రామ్ వదిలేస్తే దానికి విలువ ఉండదు. ఫుల్ లైసెన్సు మీ సొంతం. దాంతో ఆ రాష్ట్రంలో ఎక్కడైనా స్వతంత్రంగా ప్రాక్టీసు చేయవచ్చు. బాధ్యత కూడా అంతే మారుతుంది. ఆ లైసెన్సు మీద చూసిన పేషెంటు విషయంలో జవాబు చెప్పాల్సింది మీరే.

స్టెప్ 3 ఎప్పుడు రాయడం మంచిది? రెసిడెన్సీలో చేరకముందా, చేరాకా?

స్టెప్ 3 అంటే అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో చివరి మెట్టు. హెచ్-1బీ వీసా మీద రావాలనుకుంటే వేరే దారి లేదు, పిటిషన్ వేసేనాటికి స్టెప్ 3 పాసై ఉండాలి. జే-1 (శిక్షణకు వచ్చేవాళ్ళకిచ్చే ఎక్స్‌ఛేంజ్ వీసా) మీద వస్తే చేరడానికి స్టెప్ 3 అక్కర్లేదు. అయినా నా సలహా ఒకటే: మొదటి ఏడు పూర్తయ్యేలోపు రాసేయండి. స్టెప్ 3 లేకుండా ఏ రాష్ట్రమూ ఫుల్ లైసెన్సు ఇవ్వదు, కాబట్టి అది వెనక పడిన కొద్దీ మిగతావన్నీ వెనక పడతాయి.

పరీక్ష రెండు రోజులు. రెండో రోజు కంప్యూటర్ మీద కేసులు నడపాలి. పేషెంటు వస్తాడు, మీరు ఆర్డర్లు పెట్టాలి, గడియారం మీరే ముందుకు తిప్పాలి. ఇవి మన దగ్గర ఎక్కడా అలవాటు లేని పద్ధతి. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్ళు కూడా ఆ సాఫ్ట్‌వేర్ ముందుగా చూసుకోక ఇబ్బంది పడటం చూశాను. యూఎస్‌ఎంఎల్‌ఈ సైటులో ఉచితంగా ఉన్న ప్రాక్టీసు కేసులు కనీసం రెండు వారాల ముందు నుంచి చేయండి. ఐసీయూ నెలలో తేదీ పెట్టుకోకండి. ఔట్ పేషెంట్ నెలో, ఎలెక్టివ్ నెలో చూసుకొని, చీఫ్ రెసిడెంటుకి రెండు నెలల ముందే చెప్పి ఆ రెండు రోజులూ సెలవు రాయించుకోండి.

ఏడేళ్ల రూల్ అంటున్నారు. నాకు వర్తిస్తుందా?

చాలా రాష్ట్రాలు స్టెప్‌లన్నీ ఏడేళ్లలోపు పాసై ఉండాలంటాయి. ఎంబీబీఎస్‌లో ఉండగానే స్టెప్ 1 రాసి, తర్వాత ఒకటి రెండేళ్లు మ్యాచ్ కాక ఆగినవాళ్ళు ఇందులో చిక్కుకుంటారు. మీ మొదటి స్టెప్ పాసైన తేదీ కాగితం మీద రాసి, దానికి ఏడేళ్లు కలిపి చూడండి. ఆ తేదీ దగ్గర పడుతుంటే స్టెప్ 3 ఇంకేమాత్రం వాయిదా వేయకండి. ఎన్నిసార్లు రాశారన్నది కూడా లెక్కే. ఒక్కో స్టెప్ గరిష్ఠంగా నాలుగుసార్లు రాయనిస్తారు, కానీ టెక్సస్ లాంటి రాష్ట్రాలు మూడు ప్రయత్నాలకే గీత గీశాయి.

ఇండియాలో హౌస్ సర్జన్సీ చేశాను, ఎండీ కూడా చేశాను. ఆ ఏళ్ళు ట్రైనింగ్ లెక్కలోకి రావా?

హౌస్ సర్జన్సీ రాదు. అది ఎంబీబీఎస్ డిగ్రీలో భాగంగానే చూస్తారు. ఎండీ కూడా మామూలు దారిలో లెక్కకు రాదు. బోర్డులు అడిగేది అమెరికాలోనో కెనడాలోనో గుర్తింపు పొందిన ప్రోగ్రామ్‌లో చేసిన ఏళ్ళు. ఈ మధ్య పరిస్థితి కొంచెం కదిలింది. 2023లో టెన్నెసీ చట్టం తెచ్చిన తర్వాత మరికొన్ని రాష్ట్రాలు విదేశాల్లో అనుభవమున్న డాక్టర్లకు ఇక్కడ రెసిడెన్సీ లేకుండానే తాత్కాలిక లైసెన్సు ఇచ్చే దారి తెరిచాయి. కానీ స్పెషాలిటీ బోర్డు (లైసెన్సు ఇచ్చే రాష్ట్ర బోర్డు కాదు, స్పెషాలిటీ పరీక్ష పెట్టేది) సర్టిఫికేషన్ సంగతి అలాగే ఉండిపోతుంది. అది లేకపోతే ఉద్యోగమిచ్చేవాళ్ళు, ఇన్సూరెన్సు కంపెనీలు వెనకాడతారు. ఇప్పటికే రెసిడెన్సీలో ఉన్నవాళ్ళు ఈ చట్టాల వైపు చూసి మనసు చెదరగొట్టుకోవద్దు.

## రెండో ఏడాది: ఇప్పుడా, తర్వాతా?

ఎన్నేళ్ల ట్రైనింగ్ తర్వాత ఫుల్ లైసెన్సు ఇస్తారు?

రాష్ట్రాన్ని బట్టి. అమెరికాలో మెడికల్ స్కూల్ చదివినవాళ్ళకు చాలాచోట్ల ఒక ఏడు సరిపోతుంది. మనలాంటి విదేశీ గ్రాడ్యుయేట్లకు ఎక్కువ రాష్ట్రాల్లో రెండేళ్లో మూడేళ్లో కావాలి. ఇల్లినాయిలో 24 నెలలు, న్యూయార్క్‌లో మూడేళ్లు. మీ పక్కన పనిచేసే అమెరికన్ కో-రెసిడెంటు రెండో ఏడు మొదట్లోనే లైసెన్సు తెచ్చుకున్నాడంటే అతని లెక్క వేరు. అతన్ని చూసి మీరు ఆలస్యమైపోయారని టెన్షన్ పడనక్కర్లేదు.

అర్హత వచ్చింది. వెంటనే తీసుకోవాలా, కొన్నాళ్ళు ఆగాలా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. తొందరపడి తీసుకున్నవాళ్ళనీ చూశాను, ఆగి నష్టపోయినవాళ్ళనీ చూశాను. అవసరమేమిటో తేల్చుకోకుండా తేదీ తేల్చుకోవడమే రెండుచోట్లా జరిగిన పొరపాటు.

లైసెన్సు మీ చేతిలో ఉండి తీరాల్సిన మొదటి రోజు ఏది? అది మూన్‌లైటింగ్ షిఫ్టు కావచ్చు, జే-1 వెయివర్ (శిక్షణయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన నుంచి మినహాయింపు) దరఖాస్తు కావచ్చు, ఆగస్టులో చేరే ఉద్యోగానికి ఆసుపత్రి కాగితాల పని మొదలయ్యే రోజు కావచ్చు, స్పెషాలిటీ బోర్డు పెట్టిన గడువు కావచ్చు. ఆ తేదీ రాసుకోండి. దాన్నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. దరఖాస్తు పెట్టాల్సిన రోజు అదే. అలాంటి తేదీ ఏదీ కనబడకపోతే మీకిప్పుడు లైసెన్సు అవసరం లేదన్నమాట.

అవసరం లేకుండా తీసుకుంటే నష్టమేమిటంటారా? దరఖాస్తు, వెరిఫికేషన్, వేలిముద్రలు అన్నీ కలిపితే కొన్ని వందల డాలర్లు, కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. తర్వాత రెన్యువల్ ఫీజు. కొన్ని రాష్ట్రాల్లో సీఎంఈ (డాక్టర్లకు కొనసాగే శిక్షణ) గంటలు కూడా చూపించాలి. మా బ్యాచ్‌లో ఒకాయన రెండో ఏడు చివర్లో, మంచిదే కదా అని, ట్రైనింగ్ చేస్తున్న రాష్ట్రంలో తీసుకున్నాడు. ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ శిక్షణ) ఇంకో రాష్ట్రంలో వచ్చింది, ఉద్యోగం మూడో రాష్ట్రంలో. ఆ మొదటి లైసెన్సుతో ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయలేదు. కానీ ఆ తర్వాత నింపిన ప్రతి దరఖాస్తులోనూ దాని వెరిఫికేషన్ జత చేయాల్సి వచ్చింది.

అయితే ఒక్కటి మాత్రం అందరూ ముందే చేయొచ్చు, చేయాలి కూడా. అదే ఇంటి దగ్గరి కాగితాలు. మనవాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా నిలిచిపోయేది అమెరికా బోర్డు దగ్గర కాదు, మనం చదివిన కాలేజీ ఆఫీసులో. ఫీజు చివరికి కట్టండి, కాగితాలు మొదటే కదిలించండి.

మూన్‌లైటింగ్ చేసి కొంచెం అప్పు తీర్చుకుందామనుకుంటున్నాను. నా వీసా మీద కుదురుతుందా?

జే-1 మీద కుదరదు. మీ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌లో భాగం కాని పనికి డబ్బు తీసుకోవడం ఆ వీసా నిబంధనలకు విరుద్ధం. తెలిసినవాళ్ళు చేస్తున్నారని విని దిగకండి, పోయేది స్టేటస్. హెచ్-1బీ అయితే రెండో యజమాని మీకోసం విడిగా పిటిషన్ వేయాలి. అది ఒప్పుకొనే ఆసుపత్రులు తక్కువ. గ్రీన్‌కార్డు గానీ, హెచ్-4 మీద ఈఏడీ (పని అనుమతి కార్డు) గానీ ఉన్నవాళ్ళకు వీసా అడ్డు లేదు.

వీసా కుదిరినవాళ్ళకు మిగతా షరతులివి: పీజీవై-1లో, అంటే మొదటి ఏడాదిలో, ఎవరికీ అనుమతి లేదు. ప్రోగ్రామ్ డైరెక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మూన్‌లైటింగ్ గంటలు వారానికి 80 గంటల పరిమితిలోనే లెక్క. బయటి ఆసుపత్రిలో చేయాలంటే ఫుల్ లైసెన్సు, సొంత డీఈఏ నంబరు (నియంత్రిత మందులు రాయడానికి ఫెడరల్ అనుమతి) కావాలి. మీ రెసిడెన్సీ మాల్‌ప్రాక్టీసు (వైద్యంలో పొరపాట్ల) ఇన్సూరెన్సు బయటి పనికి వర్తించదు కాబట్టి అక్కడి కవరేజీ కాగితం చేతికి తీసుకున్నాకే మొదటి షిఫ్టుకి వెళ్ళండి.

కాలిఫోర్నియాలో రెసిడెంట్లకు గడువు ఉందంటున్నారు. నిజమేనా?

నిజమే. అక్కడ ఆగుదామా అన్న ప్రశ్నే లేదు. 2020 నుంచి రెసిడెంట్లంతా పోస్ట్‌గ్రాడ్యుయేట్ ట్రైనింగ్ లైసెన్సు తీసుకోవాలి, ప్రోగ్రామ్‌లో చేరిన 180 రోజుల్లోపు. విదేశాల్లో చదివినవాళ్ళు 24 నెలల ట్రైనింగ్ పూర్తి చేసి, 27 నెలలు నిండేలోపు ఫుల్ లైసెన్సు పొందాలి. పొందకపోతే పేషెంట్లను చూడటం ఆపేయాల్సి వస్తుంది. మధ్యలో ఉన్నది మూడే నెలలు. అంటే స్టెప్ 3 ఫలితం, కాలేజీ కాగితాలు, వేలిముద్రలు అన్నీ రెండో ఏడు సంక్రాంతి నాటికే సిద్ధంగా ఉంచుకోవాలి.

ఫెలోషిప్ వేరే రాష్ట్రంలో వచ్చింది. ఎక్కడ తీసుకోను, ఇక్కడా అక్కడా?

ముందు ఫెలోషిప్ ప్రోగ్రామ్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ట్రైనింగ్ లైసెన్సు మీద చేరనిస్తారా, ఫుల్ లైసెన్సు కావాలా? రెండో రకం అయితే అక్కడే తీసుకోండి, చాలాసార్లు ఫీజు వాళ్ళే కడతారు. మొదటి రకం అయితే ఉద్యోగం ఎక్కడో తేలేదాకా ఆగడంలో తప్పు లేదు. ఈ నిర్ణయం తీసుకునే ముందు మీ స్పెషాలిటీ బోర్డు పేజీ కూడా చదవండి. కొన్ని బోర్డులు ఎక్కడో ఒక రాష్ట్రంలో ఫుల్ లైసెన్సు ఉంటేనే సర్టిఫికెట్ ఇస్తాయి.

## ఇంటి దగ్గరి కాగితాలు

కాలేజీ నుంచి ఏమేం తెప్పించాలి? ఎంతకాలం పడుతుంది?

మెడికల్ స్కూల్ వెరిఫికేషన్ ఫారం, మార్కుల ట్రాన్స్‌క్రిప్టు, డిగ్రీ కాపీ. విదేశీ గ్రాడ్యుయేట్ల అర్హత చూసే ఈసీఎఫ్‌ఎంజీ మీకు సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే డిగ్రీని కాలేజీ ద్వారా సరిచూసుకుంటుంది. కానీ కొన్ని బోర్డులు మళ్ళీ తమ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం, సీలు అడుగుతాయి.

నా విషయంలో ఆ ఒక్క ఫారానికి మా నాన్న కాలేజీ చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. మొదటిసారి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో తీసుకున్నారు, నంబరు ఇవ్వలేదు. రెండోసారి వెళ్తే కాగితం కనబడలేదు. మూడోసారి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు, కవరు కూడా అంటించారు. కానీ సీలు కవరు ముందువైపు వేశారు. బోర్డు అడిగింది అంటించిన మడత మీద. నాలుగోసారి మళ్ళీ మొదటినుంచి. మూడు నెలలు అలా పోయాయి.

అందుకే చెబుతున్నాను. ఫారం ఇచ్చిన రోజే ఇన్‌వర్డ్ నంబరు అడిగి తీసుకోమనండి. సీలు ఎక్కడ పడాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి పంపండి. అక్కడ మీ పని చూసే గుమస్తా పేరు, ఫోన్ నంబరు రాసుకోండి, ఫోన్‌లో మర్యాదగా మాట్లాడండి. మీకోసం తిరిగేది పెద్దవాళ్ళయితే ఎండాకాలం తప్పించి డిసెంబరు, జనవరి నెలల్లో ఆ పని పెట్టుకోండి.

చదివింది తెలంగాణ కాలేజీలో, డిగ్రీ మీద విజయవాడ యూనివర్సిటీ పేరుంది. ఇప్పుడు ఎవరిని అడగాలి?

డిగ్రీ మీద ఎవరి పేరుంటే వాళ్ళనే. రాష్ట్ర విభజనకు ముందు తెలంగాణ కాలేజీలు కూడా విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం విభజన తర్వాతే వచ్చింది. పాత బ్యాచ్‌ల ట్రాన్స్‌క్రిప్టు విజయవాడ నుంచే రావాలి, కాలేజీ వెరిఫికేషన్ మాత్రం కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి. ఇంకో చిక్కు కూడా ఉంది. విజయవాడ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్ పేరుగా మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. మీ డిగ్రీ మీద ఒక పేరు, కొత్త ట్రాన్స్‌క్రిప్టు మీద ఇంకో పేరు ఉంటే రెండూ ఒకటే సంస్థ అని రెండు వాక్యాల్లో వివరణ రాసి దరఖాస్తుతోనే జత చేయండి. బోర్డు అడిగేదాకా ఆగితే నెల పోతుంది.

పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

మన తెలుగువాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. మెమోలో ‘కె. శ్రీలక్ష్మి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి చివర్లో, పెళ్ళయ్యాక ఇంకో ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా రాయించుకున్నవాళ్ళకు వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. కొన్నాళ్ళకు ఆసుపత్రి బ్యాడ్జీ మీద కూడా అదే పేరు వచ్చేస్తుంది. నవ్వి వదిలేయకండి. పాస్‌పోర్టు, ఈసీఎఫ్‌ఎంజీ, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఈ మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్టు మొదటి ఏడాదిలోనే సరిచేయించుకోండి. పాత మెమోలు మార్చలేం కాబట్టి, రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి, పెళ్ళి సర్టిఫికెట్ ఉంటే దాంతో పాటు స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి.

ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంది. అదీ చెప్పాలా?

చెప్పాలి. ఇప్పటిదాకా ఎక్కడెక్కడ లైసెన్సు ఉందో అన్నీ అడుగుతారు, మన కౌన్సిళ్ళు కూడా అందులోకే వస్తాయి. చాలా బోర్డులు గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ నేరుగా కౌన్సిల్ నుంచే రావాలంటాయి. రెన్యువల్ దాటిపోయి ఉంటే ముందు అది కట్టేయండి.

ఎఫ్‌సీవీఎస్ చేయించుకోవడం వల్ల లాభముందా?

మీ డిగ్రీ, ట్రైనింగ్, పరీక్షల రికార్డులు ఒక్కసారి సరిచూసి, ఏ రాష్ట్రం అడిగితే ఆ రాష్ట్రానికి పంపే సేవ ఇది. రాష్ట్ర బోర్డుల సమాఖ్య ఎఫ్‌ఎస్‌ఎంబీ నడుపుతుంది. కొన్ని రాష్ట్రాలు దీన్ని తప్పనిసరి చేశాయి. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే అవకాశముంటే డబ్బు దండగ కాదు, కాలేజీ చుట్టూ తిరిగే పని ఒక్కసారితో అయిపోతుంది.

మధ్యలో రెండు నెలలు సెలవు తీసుకున్నాను, ఒకసారి ప్రొబేషన్‌లో కూడా పెట్టారు. రాయకపోతే తెలుస్తుందా?

తెలుస్తుంది. మీ ప్రోగ్రామ్ డైరెక్టర్ నింపే ఫారంలో అవే ప్రశ్నలు ఉంటాయి. ప్రసూతి సెలవుకో, ఇంట్లో ఎవరికో బాగాలేకో వెళ్తే ఎవరూ తప్పుపట్టరు. ప్రొబేషన్‌ కూడా వివరణ ఇచ్చి, సరిదిద్దుకున్నట్టు చూపిస్తే చాలామందికి లైసెన్సు వస్తుంది. దాచడం మాత్రం అసలు తప్పు కంటే పెద్ద తప్పుగా చూస్తారు. దరఖాస్తు పంపే ముందు డైరెక్టర్‌తో కూర్చుని, ఆయనేం రాస్తున్నారో, మీరేం రాస్తున్నారో తేదీలతో సహా సరిచూసుకోండి.

## చివరి ఏడాది, ఉద్యోగం

ఆగస్టులో ఉద్యోగంలో చేరాలి. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి?

వీలైతే అంతకుముందు అక్టోబరు, నవంబరు నెలల్లో. లైసెన్సు వచ్చిన తర్వాత కూడా పనుంటుంది. ఆసుపత్రి మీ అర్హతలు సరిచూసే క్రెడెన్షియలింగ్‌కీ, ఇన్సూరెన్సు కంపెనీల్లో మీ పేరు చేర్చడానికీ మూడు నాలుగు నెలలు పడుతుంది. పైగా వసంతం నుంచి దేశంలోని చివరి ఏడు రెసిడెంట్లంతా ఒకేసారి బోర్డుల మీద పడతారు. మూడేళ్లు పూర్తయితేనే ఇచ్చే రాష్ట్రమైతే దరఖాస్తు ముందే పెట్టి, జూన్ ఆఖరున ప్రోగ్రామ్ ఇచ్చే పూర్తి సర్టిఫికేషన్ ఒక్కటే మిగిలేట్టు చూసుకోండి. టెక్సస్‌కి వెళ్ళేవాళ్ళు జూరిస్‌ప్రూడెన్స్ (వైద్య చట్టాల) పరీక్ష, న్యూయార్క్‌కి వెళ్ళేవాళ్ళు చైల్డ్ అబ్యూజ్ గుర్తింపు కోర్సు మరిచిపోవద్దు. చిన్నవే, కానీ వాటికోసం ఫైలు ఆగుతుంది.

జే-1 వెయివర్‌కి లైసెన్సు ముందే ఉండాలా?

కాన్రాడ్ 30 అనే వెయివర్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 స్లాట్లే. అక్టోబరు 1న ఫెడరల్ ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, ఆ చుట్టుపక్కలే దరఖాస్తులు తీసుకుంటారు. పోటీ ఎక్కువున్న రాష్ట్రాల్లో త్వరగా నిండిపోతాయి. కొన్ని రాష్ట్రాలు లైసెన్సు గానీ, దరఖాస్తు పెట్టిన రుజువు గానీ అడుగుతాయి. వెయివర్ వచ్చాక 90 రోజుల్లోపు పనిలో చేరాలి, దానికి హెచ్-1బీ కావాలి, దానికి ఆ రాష్ట్ర లైసెన్సు కావాలి. కాబట్టి వెయివర్ దారిలో వెళ్ళేవాళ్ళు కాంట్రాక్టు సంతకం పెట్టిన వారంలోనే లైసెన్సు దరఖాస్తు మొదలుపెట్టాలి. లాయరు చూసుకుంటారని వదిలేయకండి. లాయరు ఇమిగ్రేషన్ చూస్తారు, లైసెన్సు మీ పని.

డీఈఏ నంబరు కూడా ఇప్పుడే తీసుకోవాలా?

ఆసుపత్రి నంబరు మీద రాస్తున్నంతకాలం అక్కర్లేదు. మూడేళ్లకు 888 డాలర్లు, రాష్ట్రానికి విడిగా ఉంటుంది. 2023 జూన్ నుంచి వ్యసన చికిత్స మీద 8 గంటల శిక్షణ పూర్తిచేసినట్టు కూడా చెప్పాలి. ఇల్లినాయి, మిషిగన్ లాంటిచోట్ల ముందు రాష్ట్రం ఇచ్చే కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ లైసెన్సు కావాలి.

కాంపాక్ట్ ద్వారా నాలుగైదు రాష్ట్రాల్లో ఒకేసారి తీసుకోవచ్చంటగా?

కాంపాక్ట్ అంటే ఒక రాష్ట్ర లైసెన్సు ఆధారంగా మిగతా సభ్య రాష్ట్రాల్లో త్వరగా లైసెన్సు ఇచ్చే రాష్ట్రాల ఒప్పందం. రెసిడెన్సీలో ఉండగా కుదరదు. ఆ దారికి రెసిడెన్సీ పూర్తయి ఉండాలి, స్పెషాలిటీ బోర్డు సర్టిఫికేషన్ ఉండాలి, సభ్య రాష్ట్రంలో ఒక ఫుల్ లైసెన్సు ఉండాలి, ప్రతి స్టెప్ మూడు ప్రయత్నాల్లోపు పాసై ఉండాలి. 40కి పైగా రాష్ట్రాలు ఇందులో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు. టెలీమెడిసిన్ చేయాలనుకునేవాళ్ళకు తర్వాత బాగా పనికొస్తుంది. కాంపాక్ట్ రుసుము 700 డాలర్లు, ఆపైన ఒక్కో రాష్ట్రం ఫీజు వేరు.

ఫీజులు నేనే కట్టాలా?

అడిగితే ఉద్యోగమిచ్చేవాళ్ళు కడతారు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందే లైసెన్సు, డీఈఏ ఖర్చుల గురించి ఒక వాక్యం రాయించుకోండి. సంతకమయ్యాక అడగడం కష్టం.

రెసిడెన్సీ అయ్యాక ఇండియా వెళ్ళిపోదామనుకుంటున్నాం. అయినా లైసెన్సు తీసుకోవాలా?

మళ్ళీ వచ్చే ఆలోచన కొంచెమైనా ఉంటే తీసుకోండి. ట్రైనింగ్ రికార్డులన్నీ చేతిలో ఉండి, ప్రోగ్రామ్ డైరెక్టర్ మిమ్మల్ని గుర్తుపట్టే రోజుల్లో దరఖాస్తు సులువు. పదేళ్ల తర్వాత హైదరాబాద్ నుంచి అదే పని చేయాలంటే అప్పటికి డైరెక్టర్ మారిపోతారు, ఒక్కోసారి ప్రోగ్రామే మూతబడుతుంది. ప్రాక్టీసుకు దూరంగా ఎన్నేళ్లున్నారో కూడా బోర్డు అడుగుతుంది. వెళ్ళేముందు ఆ రాష్ట్రంలో ఇనాక్టివ్ స్టేటస్ ఉందా అని కనుక్కోండి, చాలాచోట్ల తక్కువ ఫీజుతో లైసెన్సు నిలబెట్టుకోవచ్చు. బోర్డుకి ఇచ్చిన అడ్రసు, ఈమెయిలు మార్చడం మరిచిపోవద్దు. రెన్యువల్ నోటీసు ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకి వెళ్తే మీకు తెలియకుండానే గడువు దాటిపోతుంది.